లోహమలం – లోహకవచం: గచ్చు, ఇనుము, తుప్పులను గురించిన పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరానికి పడమటనున్న గచ్చిబౌలి పేరులో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి గచ్చు. రెండవది దిగుడుబావి అనే అర్థంలో దక్కనులో వాడుకలో ఉన్న బౌలి. సున్నమూ నీరూ కలిసిన పేరు ఇది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆ తరువాత ఈ ప్రాంతపు బండల నడుమ స్థిరపడింది. 1998లో సమీపంలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తొలి భాగం తెరుచుకొన్నది. నేడు ఈ ప్రాంతమంతా బహుళాంతస్తుల భవనాలతో, వంతెనలతో నిండి ఉన్నది. చూపరికి కనిపించేవి అద్దమూ సిమెంటూ మాత్రమే. వాటిని నిలబెట్టుచున్నది లోపల దాగిన ఇనుము.

ఆ ఇనుము ఎంతకాలం నిలుస్తుంది? ఏ కారణం చేత నశిస్తుంది? నశించకుండా ఆపే ఉపాయాలేవి? ఆధునిక లోహశాస్త్రంలో లోహక్షయ పరిశోధన ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుతుంది. సంస్కృతాంధ్ర భాషాధ్యయనంతో దీనికి సంబంధం లేదని పైకి తోచవచ్చు. కాని లోహమలాన్ని గురించి కోశకారులు, రసశాస్త్రకారులు, వైద్యులు, కమ్మరులు వాడిన పదాలను ఈ శాస్త్రం వెలుగులో చూచినపుడు అవి కేవల పర్యాయాలు కావని, పరిశీలనకు గుర్తులని తెలుస్తుంది. లోహపు ఆయుర్దాయం లోహం మీద మాత్రమే ఆధారపడదు, దాని ఉపరితలం మీద ఏర్పడే పొర మీద కూడా ఆధారపడుతుంది అన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం. ఆ పొర మలమైతే లోహం క్షయిస్తుంది, కవచమైతే నిలుస్తుంది.

పదవిచారం

అమరకోశం ఇనుము పేర్లు చెప్పిన వెంటనే దాని మలానికి మండూరము, సింహాణము అనే పేర్లను పేర్కొన్నది. లోహకిట్టము అనే మాట రసగ్రంథాలలో విస్తారంగా కనిపిస్తుంది. చరకసంహితలో పాండురోగ చికిత్సాప్రకరణంలో మండూరవటకాలు చెప్పబడ్డాయి. నూరేండ్ల నాటి కిట్టం ఉత్తమమని, ఎనుబదియేండ్ల నాటిది మధ్యమమని, అరువదియేండ్ల నాటిది అధమమని రసశాస్త్ర సంప్రదాయం. లోహమలం కాలక్రమంలో మార్పు చెందుతుందని ఆ శాస్త్రకారులు గుర్తించినట్లు దీనివలన స్పష్టమవుతున్నది.

అయితే మండూరాన్ని తుప్పు అని అనువదించి ఊరకుండుట సరికాదు. ఇనుముకు సంబంధించిన మలం మూడు విధాలు. ఖనిజాన్ని కొలిమిలో కరగించినపుడు వేరుపడే గాజువంటి మష్టు ఒకటి. కాల్చిన ఇనుమును సమ్మెటతో కొట్టినపుడు రాలే నల్లని పెళుసు పెచ్చు రెండవది. చల్లని ఇనుము గాలికి, తేమకు గురియై ఎర్రబడినపుడు పుట్టేది మూడవది. మొదటి రెండూ అగ్నివలన కలిగేవి, మూడవది జలంవలన కలిగేది. రసశాస్త్రంలోని మండూరం ప్రధానంగా అగ్నిసంబంధమైనది. తెలుగులో ఇనుపచిట్టెము అనే మాట దీనికి చేరువగా ఉన్నది. తుప్పు, ప్రాచీనరూపంలో త్రుప్పు, ముఖ్యంగా మూడవదానికి చెల్లుతుంది.

రాగి, ఇత్తడి, కంచు పాత్రలకు పట్టేదాన్ని తెలుగువారు తుప్పు అనరు, చిలుము అంటారు. ఈ భేదం శాస్త్రసమ్మతమైనది. ఇనుప తుప్పు పొడిపొడిగా రాలి, క్రింది లోహాన్ని మళ్లీ గాలికి బయలుపరుస్తుంది. రాగిపై పట్టిన చిలుము లోహాన్ని అంటిపెట్టుకొని, చాలావరకు తరువాతి క్షయాన్ని మందగింపజేస్తుంది. గృహిణి చింతపండుతో ఇత్తడి బిందె తోమినపుడు జరిగేది, ఆ పులుపులోని ఆమ్లం చిలుమును కరగించి కొత్త లోహాన్ని బయటపెట్టడమే. తోమిన కొలదీ పాత్ర మెరుస్తుంది. తోమిన కొలదీ రవంత అరుగుతుంది కూడా.

క్షయస్వరూపం

బంగారం వంటి కొన్ని లోహాలను విడిచిపెడితే ప్రకృతిలో లోహాలు లోహరూపంలో అరుదుగా లభిస్తాయి. ఇనుము ఆక్సిజన్‌తో కలిసిన ఖనిజంగానే దొరుకుతుంది. బొగ్గును, ఉష్ణాన్ని వ్యయించి మనుష్యుడు ఆ బంధాన్ని తెంచి ఇనుమును పొందుతున్నాడు. తుప్పు పట్టడమంటే ఇనుము తన పూర్వస్థితికి తిరిగి చేరుకోవడం. ఎర్రమట్టికి, తుప్పుకు రంగులో పోలిక కనిపించడం యాదృచ్ఛికం కాదు. రెండింటిలోనూ ఉన్నవి ఇనుప ఆక్సైడులే.

ఈ మార్పు విద్యుత్‌క్రియ ద్వారా జరుగుతుంది. తడిసిన ఇనుముపై ఒక చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను విడిచి నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రానులు లోహంగుండా వేరొక చోటికి పోయి అక్కడి ఆక్సిజన్‌తోను, నీటితోను కలుస్తాయి. మొదటి చోటు ఆనోడు, రెండవ చోటు కాథోడు. అనగా తుప్పు పట్టే ప్రతి మేకూ ఒక చిన్న విద్యుద్ఘటం. నీరు, ఆక్సిజన్ రెండూ ఉంటేనే సాధారణంగా ఈ క్రియ సాగుతుంది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులభంగా ప్రవహించి వేగం పెరుగుతుంది.

ఈ సంగతి పరిశోధనకు ఒక కొలమానాన్ని ఇచ్చింది. 1834లో ఫారడే ప్రకటించిన విద్యుద్విశ్లేషణ సూత్రాల ప్రకారం, ఒక ఆంపియరు విద్యుత్తు సంవత్సరంపాటు ఇనుమునుండి వెలువడితే సుమారు 9 కిలోల ఇనుము కరగిపోతుంది. కాబట్టి లోహం కంటికి కనిపించేటంతగా అరిగేవరకు ఆగనక్కరలేదు. దానినుండి వెలువడే సూక్ష్మవిద్యుత్తును కొలిచి క్షయవేగాన్ని కొద్దిసేపటిలో అంచనా వేయవచ్చు. పూతల పరీక్షకు మరొక పద్ధతి ఉన్నది. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద, నూటికి 5 పాళ్లు ఉప్పు కలిసిన నీటి తుంపరలో నమూనాను గంటల తరబడి ఉంచి, పూత ఎప్పుడు వీగిపోతుందో చూస్తారు.

కవచమైన మలం

తుప్పును గురించిన ప్రసంగంలో ఢిల్లీ ఇనుపస్తంభం ప్రస్తావన తప్పదు. గుప్తుల కాలపు ఈ స్తంభం ఎత్తు 7 మీటర్లకు పైగా, బరువు 6 టన్నులకు పైగా ఉన్నది. సుమారు 1600 సంవత్సరాలుగా ఎండకు, వానకు నిలిచినది. ఈ స్తంభానికి అసలు తుప్పు పట్టలేదనుట లోకంలో ప్రచారంలో ఉన్న మాట. ఇది యథార్థం కాదు. కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రమణ్యం 2000 ప్రాంతంలో ప్రకటించిన పరిశోధనల ప్రకారం, ఆ స్తంభాన్ని రక్షిస్తున్నది దానికి పట్టిన తుప్పే. ఆ ఇనుములో భాస్వరం సుమారు 0.25 శాతం ఉన్నది. నేటి ఉక్కులో సాధారణంగా 0.05 శాతం మించనీయరు. ఈ భాస్వరం ప్రభావంచేత లోహానికి, పై తుప్పుకు నడుమ ఒక పలుచని దట్టమైన పొర ఏర్పడింది. తడియుట, ఆరుట అనే క్రమం శతాబ్దాలపాటు సాగగా ఆ పొరలో ఇనుప ఫాస్ఫేటు చేరి కవచం మరింత గట్టిపడింది. మలమే కవచమైనదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1961లో స్తంభాన్ని పైకి తీసి పరీక్షించినపుడు భూమిలో ఉన్న భాగం దళసరి తుప్పుతో కప్పబడి ఉన్నట్లు తేలింది. ఆ భాగానికి రక్షణగా సీసపు రేకును అమర్చారు. పైనున్నదీ, క్రిందనున్నదీ ఒకే ఇనుము. పైభాగం తడిసి ఆరుతుంది, క్రిందిభాగం ఆరదు. ఆరని చోట కవచం కట్టలేదు. కాబట్టి రక్షణ లోహగుణంలో ఒక్కదానిలోనే లేదు, పరిసరంలో కూడా ఉన్నది.

ఇక భాస్వరం విషయం. కొలిమిలో సున్నపురాయిని వేసే ఆధునిక పద్ధతిలో భాస్వరం మష్టులోకి తొలగిపోతుంది. బొగ్గుతో మాత్రమే ఇనుము తీసిన ప్రాచీనుల పద్ధతిలో అది లోహంలోనే నిలిచింది. భాస్వరాన్ని ఒక మూలకంగా ఎరిగి దానిని కలిపారని చెప్పుటకు గ్రంథాధారం లేదు. అంత పెద్ద కంబాన్ని ఇనుప ముద్దలను కాల్చి, అతికి నిలిపిన నేర్పు మాత్రం నిస్సందేహంగా వారిదే.

తెలుగునాటి నిదర్శనం ఈ వివేచనను బలపరుస్తుంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం మూసల్లో కరగించిన ఉక్కుకు ప్రసిద్ధి. పారసీక వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు కొనుగోలు చేసేవారు. 19వ శతాబ్దంలో హెన్రీ వాయ్సీ ఆ తయారీ విధానాన్ని వర్ణించాడు. లోకప్రఖ్యాతమైన ఆ ఉక్కుకు పదును ఉన్నది గాని తుప్పును ఆపే శక్తి లేదు. అట్టి ఉక్కుతో చేసిన కత్తులకు నూనె రాచి భద్రపరచవలసి వచ్చేది. ప్రాచీనుల ఇనుమంతా తుప్పుపట్టనిదనుట ఎంత పొరపాటో, వారికి లోహజ్ఞానం లేదనుట అంతే పొరపాటు.

ఉపరితలపు పొరను బుద్ధిపూర్వకంగా కల్పించే విద్య కూడా దక్కనులో ఉన్నది. బీదరు పనివారు తుత్తునాగం అధికంగా, రాగి కొద్దిగా కలిపిన లోహంతో పాత్రను పోతపోసి, దానిలో వెండి పొదుగుతారు. నవాసాగరాన్ని బీదరు కోటమట్టితో కలిపి పాత్రకు పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. ఇక్కడ లోహపు మార్పు దోషం కాదు, అలంకారం. ఇత్తడి పాత్రలకు కళాయి వేయుట మరొక మార్గం. పాత్రను కాచి, నవాసాగరంతో శుభ్రపరచి, తగరాన్ని పలుచగా పూస్తారు. చింతపులుసు తగరాన్ని తాకుతుంది గాని రాగిని తాకదు.

గచ్చు ఇనుమును కాచు విధం

గచ్చిబౌలి పేరులోని సున్నం ఇక్కడ మరల ప్రసక్తమవుతుంది. సిమెంటు గట్టిపడేటపుడు దానిలో సున్నపు క్షారం ఏర్పడుతుంది. అందువలన కొత్త కాంక్రీటు లోపలి తేమ పి.హెచ్. విలువ 12.5 నుండి 13 వరకు ఉంటుంది. ఇంత తీక్ష్ణమైన క్షారంలో ఇనుపకడ్డీ మీద కొద్ది నానోమీటర్ల మందంగల దట్టమైన ఆక్సైడు పొర తనంత తాను ఏర్పడుతుంది. ఈ స్థితిని నిష్క్రియత అంటారు. కాంక్రీటులోని కడ్డీకి వేరే రంగు అవసరం లేకపోవుటకు కారణం ఈ సున్నపు రక్షణే.

దీనికి శత్రువులు ఇద్దరు. మొదటిది గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది కాంక్రీటు సన్నని రంధ్రాలలో ప్రవేశించి సున్నాన్ని సున్నపురాయిగా మారుస్తుంది. క్షారం తగ్గి పి.హెచ్. 9కి దిగువకు వస్తే కవచం కరగిపోతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. 1591 నాటి చార్మినారు వంటి కట్టడాలలో సున్నపు గచ్చు ఏండ్లు గడిచినకొద్దీ గట్టిపడుటకు ముఖ్యకారణం ఇదే రసాయనక్రియ. గాలిలోని వాయువును పీల్చుకొని సున్నం తిరిగి రాయి అయినది. రాతి కట్టడానికి బలాన్నిచ్చిన క్రియ, ఇనుమును నమ్ముకొన్న కట్టడానికి చేటు తెస్తున్నది. పూర్వుల గచ్చు వేల దినాలు నిలిచినదని, నేటి సిమెంటు నిలువదని నిందించువారు ఈ భేదాన్ని గుర్తింపవలసి ఉన్నది. చెడుతున్నది సిమెంటు కాదు, దానిలోని ఇనుము.

ఈ క్రియ సాగే లోతు కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. దీని ఫలితార్థం గమనింపదగినది. కడ్డీపై కాంక్రీటు మందం 20 మిల్లీమీటర్లు ఉన్నచోట కవచం కరగుటకు 40 సంవత్సరాలు పడుతుందనుకొంటే, 10 మిల్లీమీటర్లే ఉన్నచోట 10 సంవత్సరాలే పడుతుంది. మందం సగమైతే ఆయువు నాలుగవ వంతు. కడ్డీ క్రింద పెట్టే చిన్న సిమెంటు బిళ్ల జారిపోతే కలిగే నష్టం ఇంతటిది.

రెండవ శత్రువు ఉప్పు. సముద్రానికి దూరమైన హైదరాబాదులో గాలిలో ఉప్పు లేకపోయినా, కాంక్రీటు కలుపుటకు వాడే బోరునీటిలో ఉండవచ్చు. ఉప్పులోని క్లోరైడు ఆక్సైడు పొరను అక్కడక్కడ ఛేదించి గుంటలు చేస్తుంది. ఆ గుంటలో ఆమ్లం పుట్టి, గుంట మరింత లోతవుతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం, ఇనుము లేని కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 2000 మిల్లీగ్రాముల వరకు క్లోరైడు ఉండవచ్చు, ఇనుమున్న కాంక్రీటుకైతే 500 మిల్లీగ్రాములు మించరాదు. నీటి పరీక్ష చేయించక బోరు నీటిని తిన్నగా వాడే చోట ఈ హెచ్చరిక వృథా అవుతుంది.

తుప్పు, తాను తిన్న ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల వరకు అధికమైన చోటును ఆక్రమిస్తుంది. అందువలన కాంక్రీటు లోపలినుండి పగులుతుంది. పగుళ్లు కడ్డీ వెంబడి నిలువుగానో అడ్డంగానో బారుతీరి, ఎర్రని చారలు కనిపించే నాటికి రోగం ముదిరిందనే అర్థం.

నివారణ మార్గాలు

నివారణోపాయాలు అనేకములైనా వాటన్నిటిని నాలుగు వర్గాలుగా సంగ్రహింపవచ్చు. మొదటిది, లోహాన్నే మార్చుట. 1913లో షెఫీల్డులో హారీ బ్రేర్లీ క్రోమియం అధికంగా కలిసిన ఉక్కుకు సులభంగా తుప్పు పట్టదని గమనించాడు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్నపుడు ఉపరితలాన స్వయంగా మానిపోగల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా పొర మళ్లీ కట్టుకొంటుంది. వంటింటి స్టీలు గిన్నె మెరుపు ఈ అదృశ్యకవచపు మహిమే.

రెండవది, పైన పూత. రంగు, తారు, కళాయి ఈ కోవలోనివి. మూడవది, ఒక లోహంకోసం మరొక లోహాన్ని బలిపెట్టుట. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులకు తుత్తునాగపు, ఇనుప ముక్కలను తగిలించి రాగి క్షయాన్ని ఆపగలిగాడు. రాగి నిలిచింది గాని, కరిగే రాగివల్ల చనిపోవలసిన సముద్రజీవులు ఓడకు పట్టి దాని వేగాన్ని తగ్గించాయి. ఒక దోషాన్ని వారించుట మరొక దోషానికి దారితీయవచ్చునని ఈ ఉదంతం నేర్పుతున్నది. 1837లో సోరెల్ ఇనుమును కరిగిన తుత్తునాగంలో ముంచే విధానానికి హక్కు పొందాడు. అట్టి రేకుపై గీత పడినా తుత్తునాగం ముందుగా క్షయించి ఇనుమును కాపాడుతుంది. నాలుగవది, పరిసరాన్ని మార్చుట. తేమను తొలగించుట, నీటిలో క్షయనిరోధకాలను కలుపుట దీనిలోనివి.

ఈ నాలుగు మార్గాలకూ సంబంధించిన కృషి హైదరాబాదులో జరుగుచున్నది. 1971లో నెలకొన్న అణు ఇంధన సముదాయంలో జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు తయారవుతాయి. అణురియాక్టరులోని వేడినీటిలో క్షయాన్ని తట్టుకొనుట, న్యూట్రానులను తక్కువగా గ్రహించుట ఆ లోహాన్ని ఎన్నుకొనుటకు కారణాలు. 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేకమైన ఉక్కులను, టైటానియం మిశ్రమాలను ఉత్పత్తి చేస్తుంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పూతలకు ఉపకరించే పాలిమర్లపై పరిశోధన ఉన్నది. బాలాపూర్‌లోని పొడిలోహశాస్త్ర, నవపదార్థ పరిశోధన కేంద్రం ఉపరితల పూతలకు పేరుపొందినది. అల్యూమినియం వంటి లోహాన్ని ద్రావణంలో ఉంచి, సూక్ష్మమైన విద్యుత్ మెరుపులతో దాని ఉపరితలాన్నే గట్టి ఆక్సైడుగా మార్చే విధానం అక్కడ అభివృద్ధి చేసినవాటిలో ఒకటి. బయటినుండి పూత పూయుట కాక, లోహంనుండే కవచాన్ని పుట్టించుట దీని విశేషం.

ఉపేక్షాఫలం

లోహక్షయాన్ని ధననష్టంగా మాత్రమే చూచుట అలవాటు. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, ప్రపంచంలో ఏటా దీనివలన కలిగే వ్యయాన్ని 2.5 లక్షల కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. తెలిసిన పద్ధతులను సరిగా ఆచరిస్తే అందులో 15 నుండి 35 శాతం వరకు ఆదా చేయవచ్చునని కూడా ఆ అధ్యయనమే తెలిపింది. కాని నష్టం డబ్బుతో ఆగదు.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా, నేటి కోనసీమ జిల్లాలోని నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పగిలి మంటలు చెలరేగాయి. ఇరవై మందికి పైగా మరణించారు. ఇండ్లు, కొబ్బరితోటలు కాలిపోయాయి. గొట్టం లోపలివైపున క్షయించి పలుచబడినట్లు విచారణలో వెల్లడైంది. వాయువుతోబాటు తేమ ప్రవేశిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం పల్లపు చోట్ల నిలిచి ఉక్కును తింటుంది. గొట్టం పైనున్న పూత, దానికి అందించే విద్యుద్రక్షణ బయటివైపును మాత్రమే కాపాడతాయి, లోపలివైపును కాపాడలేవు. వాయువును ఆరబెట్టి పంపుట, లోపలి గోడ మందాన్ని ఎప్పటికప్పుడు కొలుచుట కొత్త విజ్ఞానమేమీ కాదు. తెలిసిన ఉపాయం ఆచరణకు రాని చోట శాస్త్రం నిష్ఫలమవుతుంది.

ఉపసంహారం

ఢిల్లీ స్తంభం, బీదరు పాత్ర, కళాయి వేసిన గిన్నె, కాంక్రీటులోని కడ్డీ, జిర్కోనియం గొట్టం వేరువేరు వస్తువులైనా వాటిని కాపాడే సూత్రం ఒకటే. లోహానికి, పరిసరానికి నడుమ నిలిచే పొర దట్టమై, అంటిపెట్టుకొని, దెబ్బతిన్నపుడు సరిచేయబడుచుండాలి. స్తంభానికి ఆ పని వాతావరణం చేసింది. గిన్నెకు కళాయివాడు ఏడాదికొకసారి చేసేవాడు. భవనానికి, గొట్టానికి ఎవరో ఒకరు పనిగట్టుకొని చేయవలసినదే.

ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు, పరిశోధకులకు ఈ విషయంలో చేయదగిన పని కొంత ఉన్నది. మండూరము, కిట్టము, సింహాణము, చిట్టెము, తుప్పు, చిలుము అనే పదాలకు నిఘంటువులు ఒకదానిని మరొకదానితో అర్థం చెప్పి వదలుతున్నవి. రసగ్రంథాలలోని ప్రయోగాలను సందర్భసహితంగా సేకరించి, ఏ పదం కొలిమి మష్టును, ఏ పదం సమ్మెట పెచ్చును, ఏ పదం జలజన్యమైన తుప్పును చెప్పుచున్నదో నిర్ణయించుట భాషాపండితులు చేయవలసిన పని. లోహశాస్త్రజ్ఞుడు ఒంటరిగా ఆ పని చేయలేడు. అట్లే, గ్రంథంలో లేని భాస్వరాన్ని గ్రంథానికి అంటగట్టకుండుట కూడా పండితధర్మమే. వచనంలో ఉన్నదానిని ఉన్నట్లు నిరూపించినపుడే ప్రాచీనుల పరిశీలనకు నిజమైన గౌరవం కలుగుతుంది.

గచ్చిబౌలి భవనాలలో పెక్కింటికి ఇంకా ముప్పదియేండ్లు నిండలేదు. వాటి గోడల లోతుల్లో సున్నం ఇంకా ఇనుమును కాపాడుచున్నది. కవచం కరగకముందే దానిని పరీక్షించి పదిలపరచుటకు ఇదే తగిన సమయం.